ఇల్లూ నూలూ: పిల్లలున్న ఇంట్లో అల్లికల వ్యాపారం ఎలా నడపాలి

ఒక క్రోషే సూది, నాలుగు దారపు ఉండలు ఉంటే చాలు, అల్లికల వ్యాపారం మొదలైపోతుంది. అందుకే చాలామంది లెక్కలేమీ వేసుకోకుండానే దిగుతారు. ఆరు నెలలు తిరిగేసరికి సోఫా నిండా దారం, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన రంగు సీసా, రాత్రి ఒంటిగంట దాకా ఆర్డర్లు, పొద్దున్నే పిల్లల మీద విసుగు. డబ్బు వస్తున్నట్టే ఉంటుంది, చేతిలో మాత్రం కనబడదు. ఈ పనికి ఇల్లు మూడు ఇస్తుంది: గంటలు, చోటు, ఇంట్లోవాళ్ల చేతులు. ఈ మూడింటికీ దారానికి రాసినట్టే లెక్క రాయాలి. కింద చెప్పినవన్నీ ఆ లెక్క కోసమే.

ముందు మీ గంటలెన్నో తేల్చుకోండి

ఒక వారం ఏమీ మార్చకుండా గడపండి. సూది చేతిలోకి తీసుకున్న టైమూ, పక్కన పెట్టిన టైమూ ఒక కాగితం మీద రాస్తూ పోండి. పిల్లలు బడికి వెళ్లాక ఆరేడు గంటలు దొరుకుతాయని అనుకుంటాం. వంట, బట్టలు, బ్యాంకు పని, వచ్చే పోయేవాళ్లు అన్నీ తీసేస్తే రోజుకు మూడు గంటలు మిగిలితే గొప్ప. వారానికి ఐదు రోజులు, 15 గంటలు. అందులో మూడో వంతు జ్వరాలకీ చుట్టాలకీ పోతుందని ముందే కొట్టేయండి. మిగిలిన 10 గంటలే మీ వారం.

ఇప్పుడు మీరు ఎక్కువగా అమ్మే వస్తువు ఒకటి తీసుకుని గడియారం పెట్టుకుని చేయండి. ఒక బ్యాగు అల్లడానికి 7 గంటలు, లైనింగూ జిప్పూ కుట్టడానికి ఒక గంట, ఫొటోలూ ప్యాకింగూ అరగంట పట్టిందనుకోండి. మొత్తం ఎనిమిదిన్నర. అంటే వారానికి ఒక్క బ్యాగు. చేతిలో నాలుగు ఆర్డర్లు ఉండగా ఐదో ఆవిడ అడిగితే "ఆరు వారాలు పడుతుందండీ" అని చెప్పండి: ఐదు వారాలు పనికి, ఒక వారం ఇంటికి. "పది రోజుల్లో ఇచ్చేస్తాను" అన్న మాట నుంచే రాత్రి మేలుకోవడాలు మొదలవుతాయి. ఆరు వారాలు అనగానే కొందరు వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

అన్ని పనులూ ఒకే రకం కావు. పిల్లలు చుట్టూ తిరుగుతుండగా చేయగలిగినవి కొన్ని, వాళ్లు ఇంట్లో లేనప్పుడే చేయాల్సినవి కొన్ని. క్రోషేలో సూది మీద ఉండేది ఒక్క లూపే. పిల్లవాడు ఏడిస్తే ఆ లూపును రెండంగుళాలు లాగి, దానిలో పిన్నీసు పెట్టి లేచి వెళ్లచ్చు. తిరిగొచ్చాక లాగిన దారం సర్దుకుంటే ఒక్క కుట్టు కూడా పోదు. రెండు సూదుల స్వెటర్ అల్లికలో అలా కుదరదు. వరస మొత్తం సూది మీదే ఉంటుంది కాబట్టి చిన్న చెయ్యి ఒక్కసారి లాగితే అరగంట పని జారిపోతుంది. అందుకని చంటిపిల్లలున్న ఇంట్లో పగలు క్రోషేనే పెట్టుకోండి, అందులోనూ లెక్కపెట్టక్కర్లేని గుండ్రటి వరసలవి. కుట్లు లెక్కపెట్టాల్సిన లేసు, లైనింగ్ కత్తిరింపు, రంగు అద్దకం బడి టైములో చేయండి. కస్టమర్ల మెసేజ్‌లకు రోజుకు రెండు పూటలు చాలు. పొద్దున పదికి ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక ఒకసారి. ఆ టైములు మీ ప్రొఫైల్లో రాసిపెడితే మధ్యలో జవాబు రాలేదని ఎవరూ నొచ్చుకోరు.

చోటు: తాళం పడే బీరువా ఒకటి

ఇల్లంతా దారం పరుచుకోకుండా ఉండాలంటే దారానికి ఒక ఇల్లు ఉండాలి. తాళం పడే ఇనప బీరువాలో రెండు అరలు చాలు. పై అరలో సూదులు, కత్తెరలు, బొమ్మల కళ్లు, తూకం మిషను. కింది అరలో మూతలున్న డబ్బాల్లో నూలు. వానాకాలంలో నూలుకు పట్టే జబ్బు బూజు. కొద్దిగా తడి ఉన్న చిలప (వలయంలా చుట్టి కట్టిన నూలు కట్ట) డబ్బాలోకి వెళ్తే వారంలో ముక్కవాసన పట్టి పక్కవాటికీ అంటిస్తుంది. లోపల పెట్టేముందు చిలప మధ్యలోకి వేలు దూర్చి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదని అర్థం.

సూదులు లెక్కబెట్టి ఉంచండి. మూత మీద "7 సూదులు, 2 కత్తెరలు, 12 పిన్నీసులు" అని రాసి, రాత్రి పడుకునేముందు ఆ అంకెకు సరిపోతున్నాయో లేదో చూడండి. నేల మీద పాకే బిడ్డ ఉన్న ఇంట్లో ఇది దీపం ఆర్పడమంత మామూలు పని కావాలి. అంతకన్నా ప్రమాదం చాలామంది గమనించనిది ఒకటుంది: గ్రాములు తూచే చిన్న మిషన్లలో ఉండే బిళ్ల బ్యాటరీ. పిల్లలు దాన్ని మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిపోయేంత గాయం చేస్తుంది. బ్యాటరీ మూతకు స్క్రూ ఉన్న మిషనే కొనండి. మింగినట్టు అనుమానం వచ్చినా ఎదురు చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మూడేళ్లలోపు పిల్లల కోసం చేసే బొమ్మలకు ప్లాస్టిక్ కళ్లు వద్దు. వెనక వాషరు ఎంత గట్టిగా బిగించినా అల్లిక సాగి కన్ను ఊడి వస్తుంది. నల్లదారంతో కుట్టిన కళ్లు ఊడవు, నోట్లో పెట్టుకున్నా ఏమీ కాదు.

రంగు వేసే రోజు

ఇదొక్కటీ ఇంటి పనితో కలిపి చేయకూడని పని. వారంలో ఒక రోజు దీనికే పెట్టండి. పిల్లలు బడికెళ్లాక మొదలుపెట్టి, వాళ్లొచ్చే లోపు గిన్నెలు కడిగి లోపల పెట్టేయాలి. వంటింట్లో వద్దు. బాల్కనీ, వెనక వసారా, బట్టలుతికే చోటు మేలు. బకెట్టు, గరిటె, చెంచా ఏదైనా సరే, ఒకసారి రంగుకు వాడితే మళ్లీ అన్నానికి వాడకూడదు. గుర్తుకి వాటి మీద ఎర్ర టేపు అంటించండి.

నూలుకు సులువైనవి కోల్డ్ బ్రాండ్ రియాక్టివ్ రంగులు, పొయ్యి అక్కర్లేదు. అదే కొట్టులో హాట్ బ్రాండ్ కూడా ఉంటుంది. దానికి 80 డిగ్రీల వేడి కావాలి. తెలియక అది తెచ్చి చల్లటి నీళ్లలో ముంచితే రంగు పాలిపోయి వస్తుంది, లోపం నూలుదేమో అనుకుంటాం. ఇంకొకటి, మన బజార్లో ఊలు అని అమ్మేది చాలావరకు ఆక్రిలిక్. దానికి ఈ రంగు అసలు పట్టదు. అనుమానముంటే చిన్న పోగు కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది, ఆక్రిలిక్ కరిగి గట్టి నల్ల ఉండ కడుతుంది.

అర కిలో నూలుకు, అంటే 100 గ్రాముల చిలపలు ఐదింటికి, కొలతలివి. నీళ్లు 10 లీటర్లు, కల్లుప్పు అర కిలో, సోడా యాష్ (తెల్లటి క్షారపు పొడి) 150 గ్రాములు. రంగు పొడి లేత ఛాయకు రెండున్నర గ్రాములు, నడిమి ఛాయకు 10, ముదురుకు 20. నలుపుకు 40 దాకా పడుతుంది. సోడా యాష్ బదులు వంటసోడా వేయకండి, దాని క్షారం చాలదు. రంగు పొడి కలిపేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఈ పొడి ఊపిరిలోకి పోతూ ఉంటే కొందరికి ఆయాసం, ఎలర్జీ పట్టుకుని జన్మంతా వదలవు. ఫ్యాను ఆపేయండి, కింద తడి కాగితం పరవండి. నీళ్లలో కరిగాక ఆ భయం తగ్గుతుంది.

ముందుగా చిలప కట్టడం. చుట్టుకొలత మీటరున్నర ఉండే చట్రం మీద 110 చుట్లు తిప్పితే 165 మీటర్లు. మధ్యరకం లావు నూలైతే సుమారు 100 గ్రాములకు వస్తుంది. నాలుగు చోట్ల కట్లు వేయాలి. దారాన్ని చిలప పోగుల మధ్య నుంచి ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి, లోపల బొటనవేలు పట్టేంత వదులుగా ముడి వేయండి. బిగిస్తే ఆ చోటికి రంగు చేరక తెల్లటి మచ్చ మిగులుతుంది. పోచంపల్లి చిటికీ (ఇక్కత్) నేతలో కావాలని చేసే పనే అది. మీ చిలపలో మాత్రం తప్పవుతుంది.

పచ్చి నూలుకు సహజంగా మైనం, నూనె ఉంటాయి. గుప్పెడు సోడా యాష్, చెంచాడు సబ్బు పొడి వేసిన నీళ్లలో గంటసేపు ఉడికించండి. నీళ్లు టీ రంగులోకి తిరుగుతాయి. ఆ మురికి పోకుండా రంగు వేస్తే మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఇది ముందురోజే చేసి పెట్టుకుంటే రంగు రోజు గంటన్నర మిగులుతుంది.

ఇక వరస. చిలపల్ని అరగంట మామూలు నీళ్లలో నానబెట్టండి. రంగు పొడిని కాసిని గోరువెచ్చటి నీళ్లలో పేస్టు చేసి, వడగట్టి, 10 లీటర్లలో కలపండి. చిలపలు ముంచి పావుగంట కదుపుతూ ఉండండి. ఉప్పును మూడు విడతలుగా, ఐదారు నిమిషాలకోసారి వేయండి. ఉప్పు రంగును నూలు వైపు తోస్తుంది. ఒక్కసారే వేస్తే పై పోగులే తాగేసి లోపలివి లేతగా మిగులుతాయి. నలభయ్యో నిమిషంలో సోడా. దాన్ని వేడినీళ్లలో విడిగా కరిగించి, చల్లారనిచ్చి, చిలపల్ని ఒక పక్కకు తీసి, నీళ్లలో పోసి కలిపాకే మళ్లీ ముంచాలి. సోడా నీళ్లు నేరుగా నూలు మీద పడితే అక్కడ ముదురు మచ్చ పడుతుంది. ఆ తర్వాత గంటసేపు, పది నిమిషాలకోసారి తిప్పుతూ ఉంచండి. డిసెంబరు, జనవరి చలికి ఇంకో అరగంట కలపండి.

కడగడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. ముందు చన్నీళ్లతో మూడు నాలుగుసార్లు జాడించి ఉప్పూ సోడా వదిలించాలి. ఆ తర్వాతే మరిగే నీళ్లు, కాస్త సబ్బు, పదేసి నిమిషాలు రెండుసార్లు. తొందరపడి మొదటే వేడినీళ్లు పోస్తే వదులుగా ఉన్న రంగు తిరిగి నూలుకే అంటుకుని, కస్టమరు ఇంట్లో మొదటి ఉతుకులో తెల్లచీర మీదికి దిగుతుంది. ఆఖరి నీళ్లలో తెల్లగుడ్డ ముంచి పిండి చూడండి. గుడ్డ తెల్లగా ఉంటేనే ఆరేయండి, అదీ నీడలో.

బోరు నీళ్లు చవకే కానీ వాటిలోని సున్నం రంగును విరగ్గొట్టి గరగరమనే మరకలు చేస్తుంది. అద్దకం మట్టుకు ఆర్వో నీళ్లతో చేసి, జాడింపులు బోరు నీళ్లతో కానిచ్చుకోవచ్చు. మిగిలిన రంగునీళ్లను దాచి లాభం లేదు. సోడా పడిన రంగు కొన్ని గంటల్లో చచ్చిపోతుంది. మొక్కలకు పోయకండి, ఉప్పుకీ సోడాకీ వేళ్లు మాడిపోతాయి. సోడా కలపని రంగునీళ్లు చల్లగా ఉంటే వారం నిలుస్తాయని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎరుపు రంగు సీసాకీ పిల్లలు తాగే షర్బత్ సీసాకీ చూపులో తేడా ఉండదు.

ప్రతి అద్దకానికీ ఒక అట్టముక్క పెట్టుకోండి: తేదీ, నూలు బరువు, రంగు గ్రాములు, పక్కన ఆ నూలు మూర పొడుగు కట్టి. ఒక ఆర్డరుకు కావలసిందంతా ఒకే బకెట్టులో వేయాలి. "ఇంకొక్క చిలప అదే రంగులో" అంటే అట్ట చూసి వేసినా అచ్చంగా రాదు. ఆ మాట ముందే చెప్పేయండి.

చిక్కుపడిన చిలప, ఇంట్లోవాళ్ల చేతులు

ఎప్పుడో ఒకరోజు ఎవరో చిన్నవాళ్లు చిలపను మెళ్లో దండలా వేసుకుని పరుగెత్తుతారు. తిరిగొచ్చేసరికి అది కాకిగూడు. మొదట చేసే పనల్లా కొస పట్టుకుని లాగడం. అప్పుడే వదులు చిక్కు కాస్తా ముడి అవుతుంది. కొసను వదిలేయండి. నాలుగు కట్లలో మిగిలినవి వెతకండి. ఎవరినైనా ఎదురుగా కూర్చోమని వాళ్ల రెండు చేతులకూ చిలపను ఎక్కించండి, చేతులు ఎడం చేసి మెల్లగా కుదపమనండి. పోగులు బిగువుకు వచ్చేకొద్దీ ఏది దేని మీది నుంచి వచ్చిందో కనబడుతుంది. చిక్కు ఉన్నచోట వేళ్లతో బయటికి విప్పుతూ గుండ్రంగా పెద్దది చేయండి. విడిపోయిన దారాన్ని ఉండగా చుడుతూ, ఆ ఉండను చిక్కులోంచి దూర్చాలి కానీ చిక్కును ఉండ మీదికి లాగకూడదు. అరగంట పడుతుంది. అరగంట దాటితే కత్తిరించి చిన్న పువ్వులకు వాడుకోవడమే మేలు. మీ గంట ఖరీదు ఆ నూలు కన్నా ఎక్కువ.

అత్తగారో అమ్మో చిలపలు ఉండలు చుడుతుంటే దాన్ని సాయం అని వదిలేయకండి. ఉండకు పది రూపాయలో, ఇంట్లో అనుకున్నదో రాసుకుని నెలాఖరున చేతిలో పెట్టండి. "మా కోడలు నాకు జీతం ఇస్తోంది" అని పక్కింటావిడతో చెప్పుకునే మనిషి వచ్చే నెల కూడా చుడుతుంది. అసలు సంగతి, ఆ ఖర్చు ధరలోకి ఎక్కకపోతే, ఆవిడ ఊరెళ్లిన నెల మీ లెక్క తలకిందులవుతుంది. పిల్లల విషయంలో చట్టం కూడా ఉంది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం పిల్లలు బడి అయ్యాక, సెలవుల్లో ఇంటి వ్యాపారంలో సాయం చేయచ్చు, ప్రమాదకరమైన పనులు కూడదు. ఆరేళ్లవాళ్లు రంగులవారీగా ఉండలు సర్దగలరు, తొమ్మిదేళ్లవాళ్లు ఉండ చుట్టగలరు, లేబుళ్లకు దారం కట్టగలరు. అద్దకం రంగుల దగ్గరికి పిల్లలెవరూ రాకూడదు. పరీక్షల నెలలో అసలు ఏ పనీ చెప్పకండి.

ధర కట్టడం

నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లికలు తరతరాలుగా ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తున్నాయి. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా ఏజెంటు దారం ఇచ్చి, ముక్కకు ఇంత అని కట్టే పద్ధతిలో అల్లినావిడ గంటల లెక్క ఎక్కడా కనబడదు. "ఇంట్లో కూర్చుని ఖాళీగా ఉన్నప్పుడు చేసేదే కదా" అన్న మాట కూలీని కిందికి తొక్కేసింది. మీ ధర మీరే కట్టుకునేటప్పుడు ఆ మాటను మీ నోటితో అనకండి.

ఇందాకటి బ్యాగే తీసుకుందాం. అంకెలు మీ ఊరి ధరలను బట్టి మార్చుకోండి. నూలు 250, లైనింగూ జిప్పూ 80, ప్యాకింగ్ 30. మొత్తం 360 రూపాయలు. ఎనిమిదిన్నర గంటలు, గంటకు 70 చొప్పున 595. కలిపితే 955. కరెంటు, పాడైన రంగు, తిరిగొచ్చిన పార్సెల్ లాంటివాటికి పదో వంతు, అంటే 95. బ్యాగు 1,050 పడింది. దీన్ని ఒక బొతీక్‌లో పెడితే వాళ్లు 30 శాతం తీసుకుంటారనుకోండి. చాలామంది 1,050కి 30 శాతం కలిపి 1,365 అంటారు. అమ్ముడయ్యాక 1,365లో 30 శాతం పోతే చేతికొచ్చేది 955 చిల్లర. ఖర్చుల కోసం కలిపిన ఆ 95 మాయమైపోయింది. 1,050ని 0.7తో భాగించాలి, 1,500 వస్తుంది. అదే ధర.

బ్యాంకు ఖాతా విడిగా తెరవండి. అమ్మకాలన్నీ అందులోకే. నెలాఖరున గంటలకు తగ్గ కూలీ మీ సొంత ఖాతాకు వేసుకోండి. పాలవాడికి ఆ ఖాతా నుంచి ఇవ్వడం మొదలైతే లాభమో నష్టమో ఎప్పటికీ తెలియదు.

కాగితాలు

ఉద్యమ్ నమోదు, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. డబ్బు అడిగేవాళ్లు మధ్యవర్తులే. బొమ్మలు అల్లేవాళ్లకు ఇంకొకటి ముఖ్యం. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు తాము చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. అందుకని ఆ కార్యాలయం ఇచ్చే పెహచాన్ కార్డుకు ముందు దరఖాస్తు పెట్టి, అది వచ్చాకే బొమ్మలు అమ్మకానికి పెట్టండి.

చుట్టాలు, పండగలు

"నీ చేతిలో పనే కదా, మా పాపకు ఒక ఫ్రాకు అల్లి పెట్టవే" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కాదంటే బాధ, ఔనంటే రెండు వారాలు పోతాయి. ఏడాదికి ఇన్ని కానుకలు అని ముందే తేల్చుకోండి, ఆరు అనుకుందాం. ఎవరి పెళ్లికి, ఎవరి బారసాలకు ఇవ్వాలో ఉగాదికే రాసిపెట్టండి. ఏడోది అడిగినవాళ్లకు "నూలు మీరు కొనివ్వండి వదినా, దసరా తర్వాత అల్లి ఇస్తాను" అని చెప్పచ్చు. అందులో అబద్ధం లేదు, మర్యాద పోదు.

గోడ క్యాలెండరు మీద ముందుగా ఇంటి తేదీలు గుర్తుపెట్టండి: మార్చి పరీక్షలు, జూన్ నెలలో బడి తెరిచే రోజు, పుట్టినరోజులు, ఊరెళ్లే సంక్రాంతి. వాటికి అటు మూడు రోజులు, ఇటు మూడు రోజులు కొట్టేయండి. మిగిలిన ఖాళీల్లో ఆర్డర్లు రాయండి. రాఖీలు కావాలంటే శ్రావణ పౌర్ణమికి పది రోజుల ముందే పోస్టులో పడాలి, కాబట్టి ఆర్డర్లు నెల ముందే ఆపాలి. గుమ్మం తోరణాలకు వినాయక చవితి, దసరా, దీపావళి వరసగా వస్తాయి. వాటి నూలుకు రంగులు వేయడం ఎండలున్న మే నెలలోనే కానిచ్చేయండి. జూలైలో వేస్తే ఒక్కో చిలప ఆరడానికి మూడు రోజులు, ఇల్లంతా తీగలు, కింద నడిచేవాళ్ల నెత్తిన నీళ్లచుక్కలు.